పళ్ళు చెప్పే లెక్క

మన ఆరోగ్యం కొంత మన చేతిలోనే ఉంటుంది. బీడీ మానేయవచ్చు. చేతులు కడుక్కుని అన్నం తినవచ్చు. కానీ పుట్టే ఊరిని ఎవరైనా ఎంచుకోగలరా? తాగే నీళ్ళను పసిపిల్ల ఎంచుకోగలదా? లేదు గదా!

నల్లగొండ జిల్లా సంగతే చూద్దాం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు నేల కింది రాళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. అది బోరు నీళ్ళలో కలుస్తుంది. మహబూబ్‌నగర్ వైపు కూడా కొన్ని ఊళ్ళ బోర్లలో ఇది ఉంది. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే మెడ తిరగదు. నడుం వంగదు. కాళ్ళు వంకర పోతాయి.

అందరికీ ఒకే తీరుగా నష్టం జరగదు. ఎండలో కూలి చేసేవారు నీళ్ళు ఎక్కువ తాగుతారు. వారికి పాలు, మంచి తిండి తక్కువ. అందుకే బోరు ఒకటే అయినా పేదలకే దెబ్బ ఎక్కువ.

ఈ తేడాను ఎట్లా కొలవాలి? పిల్లల పళ్ళు చూడాలి. పళ్ళు చిగుళ్ళ కింద తయారయ్యేది చిన్నతనంలోనే. అప్పుడు ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే పళ్ళ మీద గార పడుతుంది. తోమినా పోదు.

ఒక లెక్క అనుకుందాం. ఊళ్ళో 50 మంది పిల్లలు. పక్క తండాలో 50 మంది. మొత్తం 100 మందిలో 60 మందికి గార లేదు. "పర్వాలేదే!" అంటాం. ఆగండి. విడిగా లెక్కపెట్టండి. గార లేనివారు ఊళ్ళో 45 మంది, తండాలో 15 మందే! అవకాశం సమానమైతే రెండు చోట్లా 30 మంది చొప్పున ఉండాలి. తండాకు 15 తక్కువ పడింది. 60లో 15 అంటే నాలుగో వంతు. ఇదే అసమానతకు కొలత. మొత్తం లెక్క దీన్ని దాచేస్తుంది. విడి లెక్క బయటపెడుతుంది.

2016లో మిషన్ భగీరథ మొదలైంది. నల్లగొండ ఊళ్ళకు కృష్ణ నీళ్ళు వచ్చాయి. కానీ వంగిన ఎముకలు తిరిగి చక్కబడవు. ఇక కాపాడుకోవలసింది పిల్లలనే. నల్లా నీళ్ళు ప్రతి ఇంటికీ నిజంగా చేరుతున్నాయా? కాగితం కాదు, పిల్లల పళ్ళే చెబుతాయి.

ఆలోచించండి:
1. మీ ఇంట్లో తాగేది నల్లా నీళ్ళా, బోరు నీళ్ళా?
2. మీ ఊరికీ, తండాకూ, వాడకూ నీళ్ళు ఒకే తీరుగా వస్తున్నాయా?
3. మీ బడిలో పిల్లల పళ్ళను డాక్టరుకు చూపించి, వాడల వారీగా లెక్క రాయండి. ఆ లెక్కను గ్రామసభలో చదవండి.