బొక్కబోర్లా పడుకుని తోలే కారు

మా మేనల్లుడు ఇంటరు రెండో ఏడు చదువుతున్నాడు. చదువుతున్నాడని మా చెల్లెలి నమ్మకం. దసరాకు వాళ్ళింటికి వెళితే నేనింకా చెప్పులు విడవకముందే, "అన్నా, వీడు రాత్రింబగళ్ళు ఆ కార్ల ఆటలనే ఉంటున్నడు. నువ్వన్నా జర చెప్పు" అన్నది. మేనమామను, పైగా నారాయణఖేడులో పదిమందికి పాఠం చెప్పేవాణ్ణి. గొంతు సవరించుకుని లోపలికి వెళ్ళాను.

వెళ్ళినవాణ్ణి చెప్పవలసింది మరచి తెర ముందు చతికిలబడ్డాను. గ్రాన్ టురిస్మో అనే జపాను ఆట అది. అందులో ఒక కారు చీమలా నేలకు అంటుకుపోయి దూసుకుపోతున్నది. చిత్రమేమంటే, దాన్ని తోలేవాడు కూర్చోలేదు. తల ముందుకు పెట్టి బొక్కబోర్లా పడుకున్నాడు!

"కూసుంటే బండి ఎత్తయితది మామా. గాలి అడ్డం పడ్తది" అన్నాడు వాడు.

దాని పేరు మెక్‌లారెన్ అల్టిమేట్ విజన్. ఆ ఆటకు 15 ఏళ్ళు నిండిన సందర్భంలో, 2013లో, దాని సృష్టికర్త కజునోరి యామౌచి పిలుపు మీద పేరుమోసిన కార్ల కంపెనీలు ఆటకోసమే ఊహాశకటాలు గీయడం మొదలుపెట్టాయి. తొలుత మెర్సిడెస్ వారిది వచ్చింది. ఇంగ్లండులోని మెక్‌లారెన్ వారిది 2017లో వచ్చింది. వెనుక చక్రాలకు పెట్రోలు ఇంజను, ముందు చక్రాలకు కరెంటు మోటార్లు. ఇలా రెంటితో నడిచేదాన్నే హైబ్రిడ్ అంటారు. బరువు 1000 కిలోలు, బలం 1150 గుర్రాలు. మన పురాణాల్లో ఏ రథానికీ ఇన్ని గుర్రాలు కట్టిన జ్ఞాపకం లేదు నాకు.

ఇదంతా ఉత్త బొమ్మేగదా అన్నాను. కాదట. 2022లో ఆ కంపెనీయే ఆ బొమ్మ ఆధారంగా సోలస్ అనే నిజం కారును లోకానికి చూపింది. చేయదలచినవి 25 మాత్రమే. అవి పందెపు బాటకే గాని వీధులకు పనికిరావు. అయితే ఆటలోంచి నేలమీదికి వచ్చేసరికి తోలేవాడు బుద్ధిగా లేచి కూర్చున్నాడు! కరెంటు మోటార్లు పోయి, ఉత్త పెట్రోలు ఇంజనే మిగిలింది.

"అవన్నీ దొరల ముచ్చట్లురా" అన్నాను.

"మరి బుజ్జి?" అన్నాడు.

నా నోరు పడిపోయింది. 2024లో వచ్చిన మన తెలుగు సినిమా 'కల్కి 2898 ఏ.డి.' కోసం నాగ్ అశ్విన్ బృందం ఊహించిన బండి అది. ముందు రెండు బ్రహ్మాండమైన చక్రాలు, వెనుక ఒకటి. దాన్ని అట్టముక్కలతో చేసి సరిపెట్టలేదు. మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరు జయెం వారు కలిసి, రెండు కరెంటు మోటార్లు బిగించి, దాదాపు ఆరు టన్నుల బండిని నిజంగానే నడిపించారు. ఆ మహీంద్రావారే మా జిల్లా జహీరాబాదులో ట్రాక్టర్లు చేస్తున్నారు. ఆ ట్రాక్టర్లను రోజూ చూస్తూ కూడా ఈ సంబంధం నాకు తట్టలేదు.

అప్పుడు వాడు ఫిజిక్సు నోటుబుక్కు తిరగేసి చూపించాడు. వెనుక పుటల నిండా కార్లే. ఒకదానికి చక్రాలు మరీ ఎత్తుగా ఉన్నాయేమని అడిగితే, "మన ఖేడ్ సడకుకు గంత ఉండాలె" అన్నాడు. ఇదే జిల్లాలో కంది దగ్గరున్న ఐఐటీలో రూపకల్పన చదువు ఉందట. దానికి యూసీడ్ అనే ప్రవేశపరీక్ష. దరఖాస్తు డబ్బులు అడగడానికి అమ్మంటే భయం.

భయం ఉత్తది కాదు. ఇంజనీరింగు సీటుకని మూడేళ్ళుగా ఆమె చిట్టీ కడుతున్నది. నాలుగు మిషను కుట్లు ఎక్కువ కుట్టి కూడబెట్టిన డబ్బది.

చాయ్ తెచ్చి, "చెప్పినవా?" అన్నది.

"దరఖాస్తు డబ్బులు నేను కడతాను" అన్నాను.

దేనికని అడిగింది. నోటుబుక్కు చేతికిచ్చాను. చాలాసేపు ఒక్కో పుటా తిప్పింది. "కారు మంచిగనే ఉన్నది. ఫిజిక్సేది?" అన్నది. తర్వాత నాతో మాట్లాడలేదు.

పరీక్ష జనవరిలో. వాడు ఇప్పుడు ఉదయం ఫిజిక్సు, రాత్రి బొమ్మలు.