కంపెనీ లెక్కలు దాచితే కొనేవాళ్లు ఏం చేస్తారు? సత్యం డీల్ చెప్పిన పాఠం ఇదే!

అమలాపురం: కోనసీమలో ఎకరం కొబ్బరి తోట కొనాలంటే ముందు ఈసీ తీయిస్తాం. అడంగల్ చూస్తాం. బ్యాంకులో తాకట్టు ఉందేమో కనుక్కుంటాం. అమ్మేవాళ్లు కాగితాలు చూపించకపోతే బేరం ఆగిపోతుంది, లేదంటే రేటు తగ్గుతుంది. ఒక కంపెనీని మరో కంపెనీ కొనేటప్పుడూ ఇంతే. ఈ తనిఖీనే డ్యూ డిలిజెన్స్ అంటారు. మరి అసలు లెక్కలే దాచితే? హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ విషయంలో ఏం జరిగిందో చూద్దాం.

మైటాస్ డీల్ ఎందుకు ఆగింది?

2008 డిసెంబర్ 16న మైటాస్ పేరుతో ఉన్న రెండు కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. అవి ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి సంబంధించినవే. పైగా వాటాదారుల ఆమోదం తీసుకోలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి రియల్ ఎస్టేట్ ఎందుకంటూ ఇన్వెస్టర్లు తిరగబడ్డారు. గంటల్లోనే డీల్ రద్దయింది.

అసలు కారణం 2009 జనవరి 7న బయటపడింది. పుస్తకాల్లో చూపించిన నగదులో రూ.5,040 కోట్లు లేనే లేవని రాజు లేఖలో ఒప్పుకున్నారు. లేని డబ్బు స్థానంలో మైటాస్ ఆస్తులు పెట్టాలన్నదే ప్లాన్. ఆ ఒక్కరోజే షేరు రూ.179 నుంచి రూ.40 దిగువకు పడిపోయింది.

ఒకే కంపెనీ.. మూడు రేట్లు

కేంద్రం పాత బోర్డును తప్పించి కొత్త బోర్డును వేసింది. ఏప్రిల్ 13న బిడ్లు తెరిచారు. టెక్ మహీంద్రా షేరుకు రూ.58, ఎల్ అండ్ టీ రూ.45.90, విల్బర్ రాస్ రూ.20 కోట్ చేశాయి. ఒకే కంపెనీకి ఇంత తేడా ఎందుకంటే, సరిచేసిన ఆడిట్ లెక్కలు అప్పటికి లేవు. కేసులకు ఎంత కట్టాలో, ఎంతమంది క్లయింట్లు మిగులుతారో ఎవరి అంచనా వాళ్లది. ఆ లెక్కలు 2010 సెప్టెంబర్‌లో గానీ రాలేదు. గెలిచిన రేటు కూడా లేఖకు ముందున్న ధరలో మూడో వంతే. ఆ నష్టం మోసింది మామూలు వాటాదారులే.

ఇప్పుడు ఏం మారింది?

ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు చెప్పాల్సిందేనని సెబీ 2009 జనవరిలోనే రూల్ తెచ్చింది. ప్రమోటర్ల సొంత కంపెనీలతో పెద్ద డీల్స్‌కు ఇప్పుడు వాటాదారుల ఆమోదం ఉండాలి. అందులో సంబంధం ఉన్నవాళ్లు అనుకూలంగా ఓటేయడానికి వీల్లేదు.

మీ డీమ్యాట్‌లో ఉన్న కంపెనీ ఏదైనా డీల్ ప్రకటిస్తే బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ సైట్లలో ఈ మూడూ చూడండి: అమ్మేది ఎవరు, ప్రమోటర్ల షేర్లు ఎన్ని తాకట్టులో ఉన్నాయి, ఆడిటర్ మధ్యలో తప్పుకున్నారా. ఈసీ చూడకుండా తోట కొనం కదా, షేరు విషయంలోనూ అంతే!