కాడా, మానా?

తిరువళ్ళూరునుండి అరక్కోణం వైపు పోయే రైలుదారిలో తిరువాలంగాడు ఉన్నది. తమిళంలో 'ఆల్' అంటే మర్రి, 'కాడు' అంటే అడవి. అక్కడి స్వామి పేరూ వటారణ్యేశ్వరుడే. మర్రి అడవి పేరుగల ఆ ఊళ్ళోనే తిరుత్తణి సహకార చక్కెర మిల్లు కట్టారు. మర్రి తరాలు చూచే మాను. చెరకు ఏడాదికి నరికే గడ. రెండూ కాండాలే అయినా వాటి కట్టుబడి వేరు. ఆ తేడా ఎరుగకపోతే ఇంటిచెట్టుకు మన చేతులతోనే కీడు చేస్తాము.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రానికి మారినది. అయినా పెరటి మాటలు మనకు తెలుగులోనే ఉన్నవి. ఈ తేడా ఆ మాటల్లోనే ఉన్నది. తోటకూరకు ఉండేది కాడ. వేపకు ఉండేది మాను. కాడను నిలబెట్టేది ముఖ్యంగా కణాలలోని నీటి బిగువు. మధ్యాహ్నపు ఎండకు వాలిన కాడ, చెంబెడు నీళ్ళు పోస్తే మరల లేస్తుంది. వేపకు ఆ అవస్థ లేదు. దాని కణాల గోడలలో లిగ్నిన్ అనే గట్టి పదార్థం చేరి కలప అవుతుంది. బెరడుకూ కలపకూ నడుమ సన్నని పచ్చిపొర ఒకటి ఉంటుంది. అది లోపలికి కలపను, వెలుపలికి బెరడును పుట్టిస్తూ మానును లావు చేస్తుంది. మామిడి అంటు అతుక్కొనేది ఈ పొరవల్లనే.

ఎత్తు చూసి మోసపోరాదు. అరటి ఎంత పెరిగినా మాను కాదు. మనకు కనిపించే బోదె ఆకుల అడుగు డొప్పల చుట్ట. అసలు కాండం నేలలోని దుంప. గెల వేసేటప్పుడు ఆ దుంపనుండి పైకి వచ్చే కాడే మనం కూర వండుకొనే దూట. కొబ్బరి గట్టిదే గాని దానిలో ఆ పచ్చిపొర లేదు. అందుచేత ఎక్కడానికి కొట్టిన గాట్లు ఎన్నటికీ పూడవు. తులసి నడిమి రకం: చివరలు లేత కాడలు, మొదలు పూసలు చేయదగిన కట్టె.

ఇక అసలు సంగతి. బట్టలు ఆరవేయడానికో, దీపాలు వేలాడదీయడానికో వేపకు ఇనుపతీగ బిగించి మరచిపోతాము. మాను లావెక్కుతుంది, తీగ సాగదు. ఆకులలో తయారైన ఆహారం లోబెరడు గుండా వేళ్ళకు దిగుతుంది. తీగ ఆ దారిని నొక్కివేస్తే వేళ్ళు పస్తుండి, కొన్నేళ్ళకు చెట్టు ఎండుతుంది. చీడ పట్టిందనుకొంటాము. బెరడును చుట్టూ ఒలిచినా ఇదే గతి.

కనుక ఒకసారి ఇంటిచెట్టు చుట్టూ తిరిగి చూడండి. తీగ కనిపిస్తే కత్తిరించి తీయండి. బెరడులో కూరుకుపోయిన ముక్కను మాత్రం పెరకవద్దు. పైకి కనబడేచోట తెంచి వదలండి. తాడు కట్టక తప్పకపోతే గోనెగుడ్డ చుట్టి, వదులుగా కట్టి, పని తీరగానే విప్పండి. ఎండిన కాడ స్థానంలో మరో కాడ నెలలో వస్తుంది. ఎండిన మాను నీడ మన పిల్లలకు గాని తిరిగి రాదు.