కూల్‌డ్రింక్‌పై 40 శాతం పన్ను: చక్కెరకా, గ్యాస్‌కా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.. ఎక్కడ దావత్ జరిగినా బిర్యానీ పక్కన కూల్‌డ్రింక్ ఉండాల్సిందే. దానిపై జీఎస్టీ 40 శాతం. 2025 సెప్టెంబర్ 22కు ముందు కూడా 28 శాతం పన్ను, 12 శాతం సెస్ కలిపి అంతే పడేది.

అసలు చిక్కు వేరే ఉంది. గ్యాస్ ఉంటే చక్కెర లేని డైట్ కోలాకూ 40 శాతమే. గ్యాస్ లేని మామిడి డ్రింక్ ఎంత తియ్యగా ఉన్నా 5 శాతమే. 20 రూపాయల ఎంఆర్‌పీలో కూల్‌డ్రింక్ పన్ను సుమారు 5.70 రూపాయలు, మామిడి డ్రింక్ పన్ను 95 పైసలు. చాక్లెట్లు, బిస్కెట్లు కూడా అదే రోజు 18 నుంచి 5 శాతానికి దిగాయి.

బ్రిటన్ 2018లో చక్కెరనే లెక్కలోకి తీసుకుంది. 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములు, ఆపైన ఉంటేనే పన్ను. దాన్ని తప్పించుకోవడానికి చాలా కంపెనీలు చక్కెర తగ్గించాయి.

మరి తెలంగాణ సొంతంగా వేయొచ్చా? కేరళ 2016లో బ్రాండెడ్ రెస్టారెంట్ల పిజ్జా, బర్గర్లపై 14.5 శాతం వేసింది. 2017లో జీఎస్టీ రాగానే అది పోయింది. ఇప్పుడు రేటు మారాలంటే జీఎస్టీ కౌన్సిల్‌లోనే తేలాలి.

అందాకా ఇంట్లో చేయగలిగింది ఒక్కటే. సీసా వెనక చక్కెర ఎన్ని గ్రాములో చూడాలి. 4 గ్రాములంటే దాదాపు ఒక టీస్పూన్. ఇంట్లో శుగర్ ఉన్నవాళ్లుంటే ఈ లెక్క ఇంకా ముఖ్యం.