గాలి హోరులో మాట ఎందుకు చెదురుతుంది?

బాపట్ల దగ్గర సూర్యలంక తీరాన నిలబడి తెనాలిలోని అమ్మమ్మకు ఫోన్ చేస్తే, గాలి హోరులో మన మాట ముక్కలై చేరుతుంది. ఎందుకు?

ఫోన్ మన గొంతును ఉన్నదున్నట్టు పంపదు. పాత డిజిటల్ టెలిఫోన్ పద్ధతికి సెకనుకు 64,000 బిట్లు కావాలి. మొబైల్‌లో వాడే ఒక కోడెక్ (మాటను కుదించి, మళ్లీ విప్పే పద్ధతి) దాన్ని 12,200కు కుదిస్తుంది. ఎలాగంటే, ప్రతి 20 మిల్లీసెకన్లకూ స్వరతంత్రుల కదలికను, నోటి ఆకారాన్ని అంచనా వేసి ఆ వివరాలే పంపుతుంది. అవతలి ఫోన్ వాటితో గొంతును మళ్లీ తయారుచేస్తుంది. గాలి హోరుకు స్వరతంత్రులూ లేవు, నోరూ లేదు. దాన్నీ మాటలాగే కొలవబోయి కోడెక్ తికమకపడుతుంది.

అందుకే కుదించకముందే రొద తగ్గించాలి. తర్వాతైతే చాలా కష్టం. మాటల మధ్య విరామంలో వినిపించేది రొదే కదా! దాన్ని కొలిచి, మాట్లాడేటప్పుడు అంత మేర తీసేస్తారు. తెనాలి–రేపల్లె రైలు పెట్టెలో ఫ్యాన్ల మోత ఒకే తీరుగా ఉంటుంది కనుక బాగా తగ్గుతుంది. హఠాత్తుగా మోగే హారన్ అంత సులువుగా లొంగదు. మరీ ఎక్కువ తీసేస్తే మాట కూడా పోతుంది.

1999లో మాటల ధ్వనిపై పరిశోధించే బి. యజ్ఞనారాయణ, ఆయన సహ పరిశోధకులు మరో దారి చూపారు. స్వరతంత్రులు మూసుకునే క్షణాల దగ్గర గొంతు బలంగా ఉంటుంది. అక్కడ రొద ప్రభావం తక్కువ. ఆ భాగాలకు ప్రాధాన్యం ఇచ్చి, మిగతావి తగ్గించారు. రొదను వెతకడం మాని మాటను వెతికిన ఈ ఆలోచన నాకెంతో ఇష్టం.

ఈసారి తీరానికి వెళ్తే గాలికి వీపు పెట్టి, మైకును నోటికి దగ్గరగా ఉంచి మాట్లాడండి.