ఫోనులో దుడ్డు, పుస్తకంలో లెక్క

మా వైపు డబ్బుకు రెండు పేర్లున్నవి. ఒకటి దుడ్డు, రెండవది లెక్క. "చేతిలో లెక్క లేదప్పా" అని ఎవరైనా అంటే ఆయనకు కూడికలు రావని అర్థం కాదు. జేబు ఖాళీగా ఉన్నదని అర్థం. అనంతపురం, కడప ప్రాంతాలలో ఈ మాట నేటికీ ఇంటింటా వినవచ్చును. డబ్బుకే లెక్క అని పేరు పెట్టిన పెద్దలు ఊరకే పెట్టి ఉండరని మాకు తోస్తుంది. లెక్క వ్రాయని ఇంట లెక్క నిలవదని వారి అనుభవం కాబోలు. ఈ నెల మా మనవి ఆ సంగతి గురించే.

వై.ఎన్.హొసకోట తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోనిది. తాలూకాకు మూడు ప్రక్కలా ఆంధ్రదేశమే. 1956లో భాషలనుబట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఈ తాలూకా మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయినది. కనుక ఇక్కడ చాలా ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. ఈ రెండింటికి తోడు ఇప్పుడు చేతిలోని ఫోను ఇంగ్లీషులో మాట్లాడుతున్నది. ఊరు పట్టుచీరల నేతకు పేరుపడినది. సావుకారు పట్టూ జరీ ఇవ్వటం, నేతగాడు చీర నేసి ఇచ్చి కూలి పుచ్చుకోవటం, నడుమ పెళ్ళికో జబ్బుకో అడ్వాన్సు తీసుకోవటం, దానిని కొంచెం కొంచెంగా తీర్చటం – ఇదీ ఇక్కడి బ్రతుకు.

పూర్వం ఈ లెక్కలన్నీ సావుకారు అంగడిలోనే ఉండేవి. ఆయన దగ్గర రోజువారీ వ్రాసే చిట్టా ఉండేది. ఎవరి పద్దు వారికి వేరు చేసిన ఆవర్జా ఉండేది. నేతగాడి దగ్గర ఉండేది జ్ఞాపకం ఒక్కటే. మా జేజికి అక్షరాలు రావు. అయినా పాల లెక్క ఆమె తప్పేది కాదు. వంటింటి గోడమీద బొగ్గుతో దినానికి ఒక గీత గీసేది. నెలాఖరున గీతలు లెక్కపెట్టి, దుడ్లిచ్చి, తడిగుడ్డతో తుడిచివేసేది. పాలవాడు మారు మాట్లాడేవాడు కాదు. లెక్క గోడమీద, ఇద్దరికీ కనబడేటట్టు ఉన్నది గదా!

కాలం మారినది. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ పథకం వచ్చి, అంతవరకు బ్యాంకు గడప తొక్కని వారికి కూడా ఖాతాలు ఏర్పడినవి. 2016లో యు.పి.ఐ. అనే పద్ధతి వచ్చి, ఫోనులోనుంచే ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు క్షణంలో డబ్బు పంపటం సాధ్యమైనది. 2023 ఆగస్టు 30న కర్ణాటక ప్రభుత్వం గృహలక్ష్మి పథకాన్ని ఆరంభించి, ఇంటి యజమానురాలి ఖాతాకే నెలకు 2,000 రూపాయలు వేయసాగినది. ఈ తాలూకాలోనే తిరుమణి చుట్టుప్రక్కల సూర్యశక్తితో కరెంటు తీసే పెద్ద పార్కు ఏర్పడినది. దానికి భూములు గుత్తకిచ్చిన రైతులకు మొదట ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలుగా నిర్ణయించిన సొమ్ము కూడా బ్యాంకులోనే పడుతున్నది. ఇట్లా వచ్చే దుడ్డు, పోయే దుడ్డు అన్నీ ఫోనులోకి చేరినవి. మరి లెక్క ఎక్కడికి చేరినది? ఆ ప్రశ్న మా ఇంట్లోనే ఒకసారి వచ్చినది.

మూడేళ్ళ క్రిందట మా చిన్నాయన అకస్మాత్తుగా కాలం చేశాడు. మంచి నేతగాడు. కొడుకు చదువుకు సావుకారు దగ్గర 60,000 రూపాయలు అడ్వాన్సు తీసుకొని, ఫోనులోనే తీరుస్తూ వచ్చాడు. ఒక్కొక్కప్పుడు ఆ సావుకారు దగ్గరే పట్టూ జరీ సొంతానికి కొని, చీరలు నేసి బయట అమ్ముకొనేవాడు కూడా. కర్మాంతరాలు అయిన తరువాత చిన్నమ్మ, మేము కలిసి సావుకారు ఇంటికి పోయినాము. ఆయన పుస్తకం తీసి, ఇంకా 40,000 బాకీ ఉన్నదన్నాడు. మేము బ్యాంకు నుంచి తెచ్చిన కాగితాలు చూపినాము. అందులో ఆయన పేరుకు అయిదేసి వేల చొప్పున ఆరు దఫాలు, మొత్తం 30,000 పోయినట్లున్నది. అంటే మిగిలిన బాకీ 30,000 కావాలి.

"అమ్మా, దుడ్లు ముట్టలేదని నేను అనను. ఆరు దఫాలు వచ్చింది నిజమే. నాలుగు బాకీకి జమ వేసినా. రెండు దఫాలు పట్టుకూ జరికీ ఇచ్చినాడు" అన్నాడు సావుకారు.

"నాకేం తెలుసన్నా! ఆయన ఫోనులో కొట్టేవాడు. ఎందుకు కొట్టినాడో ఏనాడూ నేను అడగలేదు" అన్నది చిన్నమ్మ.

బ్యాంకు కాగితంలో తేదీ ఉన్నది, పేరు ఉన్నది, మొత్తం ఉన్నది. ఎందుకు అన్న మాట మాత్రం లేదు. సావుకారు అబద్ధమాడినాడని మేము అనము. చిన్నాయన పట్టు కొనటం మాకూ తెలిసినదే. ఏ నెలలో ఎంతకు కొన్నాడో చెప్పగలవాడు ఒక్కడే, ఆయన లేడు. చివరకు చిన్నమ్మ నలభై వేలకూ ఒప్పుకొన్నది. ఆ పదివేలు న్యాయంగా ఇచ్చినదో, ఊరికే ఇచ్చినదో నేటికీ మాకు తెలియదు. తిరిగి వస్తూ త్రోవలో చిన్నమ్మ, "జేజి గోడమీద గీతలే మేలు" అన్నది.

పాఠకులు ఈ సంగతి బాగా గమనించాలి. ఫోను చెప్పేది నిలువ ఎంత, ఎవరికి ఎంత పోయినది అన్నంతవరకే. అది బ్యాంకు వారి లెక్క. ఎందుకు పోయినది, ఏ పద్దుకు పోయినది అన్నది మన లెక్క. అది మనమే వ్రాసుకోవాలి.

ఈ పని కోసమే ఇంటి జమాఖర్చు సాఫ్ట్‌వేర్లు పుట్టినవి. అమెరికాలో స్కాట్ కుక్ అనే ఆయన భార్య, నెలనెలా బిల్లులు కట్టి లెక్కలు చూసుకోవటం ప్రాణం మీదికి వస్తున్నదని విసుగుకొన్నదట. ఆ మాట నుంచి ఆలోచన పుట్టి, 1983లో ఆయన మరొకరితో కలిసి ఇంట్యూట్ అనే కంపెనీ పెట్టి, క్వికెన్ అనే ప్రోగ్రామును తెచ్చాడు. 1991లో మైక్రోసాఫ్ట్ వారు మనీ అనే ప్రోగ్రామును తెచ్చినారు. 2009లో దాని అమ్మకం ఆపివేసినారు. 2007లో వచ్చిన మింట్ అన్నది బ్యాంకు ఖాతాలన్నీ ఒకచోట చూపి లక్షలమందిని ఆకట్టుకొన్నది. 2024లో అదీ మూతపడినది. కంపెనీ తన దుకాణం కట్టివేస్తే మన లెక్కలు మన చేతికి వచ్చే ఏర్పాటు ఉన్నదా అని ముందే చూసుకోవాలని వీటి వలన తెలుస్తున్నది.

ఖర్చు లేకుండా దొరికేవాటిలో గ్నూక్యాష్ అన్నది ఒకటి. 1998 నుంచి ఉన్నది. స్వచ్ఛందంగా పనిచేసే వారు తయారుచేసినది కనుక ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చును. లెక్క మన కంప్యూటరులోనే ఉంటుంది. ఇతరుల చేతికి పోదు. దీనికి తెలుగు, కన్నడ అనువాదాలు కూడా చేసినవారున్నారు. అయితే ఇది మన దేశపు బ్యాంకులతో తానై మాట్లాడదు. బ్యాంకు వెబ్‌సైటులో నుంచి ఖాతా వివరాలను పట్టికగా దింపుకొని దీనిలో చేర్చుకోవాలి. అది కొంచెం శ్రమే గాని, బ్యాంకు పాస్‌వర్డు మూడవవాడికి ఇవ్వవలసిన పని లేదు.

దీని పద్ధతి జంటపద్దు. 1494లో వెనిస్ నగరంలో లూకా పచోలీ అచ్చువేసిన గణిత గ్రంథంలో వివరించినది ఇదే. ప్రతి రూపాయినీ రెండు చోట్ల వ్రాయాలి: ఎక్కడ నుంచి వచ్చినది, ఎక్కడికి పోయినది. పడుగు ఒక్కటే ఉంటే బట్ట కాదు, పేక కూడా పడాలి గదా, అట్లాగే ఇదీ. చిన్నాయన పంపిన అయిదువేలనే తీసుకోండి. 'బ్యాంకు' పద్దులో నుంచి అయిదువేలు తగ్గినవి. అవి 'సావుకారు బాకీ' పద్దుకు పోయినవా, 'పట్టు, జరి' పద్దుకు పోయినవా? రెండవ చోటు వ్రాయనిదే ప్రోగ్రాము ఊరుకోదు; ఏ పద్దుకూ చేరలేదని గుర్తుచేస్తూనే ఉంటుంది. ఆ ఒక్క గుర్తు మా ఇంట్లో ఉండి ఉంటే పదివేల తగాదా లేకపోయేది.

కంప్యూటరు లేనివారు నిరాశ చెందనక్కరలేదు. ఇరవై రూపాయల నోటుపుస్తకంలో కూడా ఇదే పని చేయవచ్చును. మాకు అనుభవంలో కుదిరిన పద్ధతి ఇది.

పద్దులు పది దాటకుండా పెట్టుకోవాలి. బియ్యం–సరుకులు, పాలు–కూరలు, చదువు, మందులు, కరెంటు–ఫోను, పనిముట్లు, పండుగలు–పెళ్ళిళ్ళు, బాకీల చెల్లింపు, పొదుపు – ఇవి చాలును. ఏభై పద్దులు పెట్టినవారు రెండవ వారానికే మానివేస్తారు. డబ్బు పంపేటప్పుడు ఫోనులో చిన్న మాట వ్రాయటానికి ఒక గడి ఉంటుంది. చాలామంది దానిని ఖాళీగా వదిలివేస్తారు. అందులో 'బాకీ జమ' అనో, 'జరి' అనో ఒక్క మాట వ్రాయండి. వారానికి ఒకసారి, ఆదివారం భోజనాలైన తరువాత ఇద్దరూ కూర్చుని ఆ వారపు పద్దులు ఎక్కించాలి. నెలాఖరున మన పుస్తకపు నిలువనూ బ్యాంకు నిలువనూ పోల్చాలి. తేడా వస్తే ఆ రోజే వెతకాలి. ఏడాదికి ఒకసారి వచ్చే సొమ్మును పన్నెండుతో భాగించి చూసుకోవాలి. గుత్త సొమ్ము 21,000 అంటే నెలకు 1,750 మాత్రమే అని తెలిసిన చేయి జాతరలో తొందరపడదు.

కొన్ని ఖాతాలున్న వారికి మరొక సదుపాయం కద్దు. అకౌంట్ అగ్రిగేటర్ అనే ఏర్పాటు రిజర్వు బ్యాంకు నిబంధనల క్రింద 2021 సెప్టెంబరు నుంచి నడుస్తున్నది. మనం ఒప్పుకొంటే మన ఖాతాల వివరాలను మనం చెప్పిన చోటికి, మనం చెప్పిన గడువు వరకే చేరుస్తుంది. నడుమ తాను వాటిని చదవదు. ఒప్పుదలను తిరిగి తీసుకోవచ్చును కూడా. ఇది మంచిదే. కాని ఫోనుకు వచ్చే సందేశాలన్నీ చదువుతామని అనుమతి అడిగే ప్రతి ప్రోగ్రాముకూ తలుపు తీయవద్దని మా సలహా.

మోసగాళ్ళ సంగతి కూడా చెప్పక తప్పదు. డబ్బు పుచ్చుకోవటానికి పిన్ నొక్కనక్కరలేదు. పంపటానికి మాత్రమే నొక్కాలి. "మీకు సొమ్ము వచ్చింది, పిన్ కొట్టండి" అన్నవాడు దొంగ. మోసం జరిగినదని తెలిసిన మరుక్షణమే 1930 నంబరుకూ, బ్యాంకుకూ చెప్పాలి. తన తప్పు లేకుండా మోసపోయిన ఖాతాదారుడు మూడు పనిదినాలలోపల బ్యాంకుకు తెలిపితే నష్టం అతనిపై పడరాదని 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చేసినది. వారం వారం లెక్క చూసేవారికే ఇటువంటివి వేళకు కంటబడతవి.

ఇక చివరి మాట, ఇదే ముఖ్యమైనది. ఇంటి లెక్క ఒక్కరి తలలోనో, ఒక్కరి ఫోనులోనో ఉండరాదు. ఏయే బ్యాంకులలో ఖాతాలున్నవి, డిపాజిట్లు ఎక్కడున్నవి, బీమా ఏది, ఎవరికి బాకీ, ఎవరు మనకు బాకీ – ఇవన్నీ ఒక కాగితం మీద వ్రాసి, తేదీ వేసి, బీరువాలో పెట్టి, ఇంటిదానికి చెప్పి ఉంచాలి. పిన్‌లు మాత్రం వ్రాయకూడదు. ప్రతి ఖాతాకూ నామినీ ఉన్నారో లేదో చూడాలి. 2025 నవంబరు 1 నుంచి ఒక్కొక్క ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకొనే వీలు వచ్చినది. పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే ప్రత్యేక నిధికి పంపుతవి. వాటిని వెతుక్కోవటానికి 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే వెబ్‌సైటు పెట్టినారు. నిధికి పోయినా హక్కుదారుల సొమ్ము వారిదే. కాని వెతకవలసిన అవసరమే రాకుండా చేసుకోవటం మేలు గదా.

చిన్నమ్మ ఇప్పుడు లెక్క వ్రాస్తున్నది. తెలుగు అక్షరాలు ఆమెకు రావు. కన్నడ అక్షరాలతో తెలుగు మాటలు వ్రాస్తుంది. తుమకూరులో చదువుతున్న కొడుకు సెలవులకు వచ్చినప్పుడు వాటిని కంప్యూటరులో ఎక్కిస్తాడు. సావుకారు బాకీ పద్దులో ప్రతి చెల్లింపుకూ ఎదురుగా తేదీ, 'బాకీ జమ' అన్న మాట, ఆయన చేత పెట్టించిన పొట్టి సంతకం ఉన్నవి. ఆయనా సంతోషంగానే పెడుతున్నాడు. తన పుస్తకం సరిచూసుకోవటానికి ఆయనకూ ఒక తోడు దొరికినది. పోయిన ఉగాదికి మేము పోయినప్పుడు ఆ పద్దులో మిగిలినది 12,000.

మన కుటుంబాలలో చాలామంది ఊరు విడిచి తరాలైనది. బెంగుళూరులోనో, ఇంకా దూరాననో స్థిరపడి, పెద్ద జీతాలు తెచ్చుకొంటున్నారు. వారి ఇళ్ళలోనూ లెక్క ఒక్కరి ఫోనులోనే ఉన్నదని మేము ఎరుగుదుము. రాబోయే ఒకటవ తేదీన ఒక పుస్తకం గాని, ఒక ప్రోగ్రాము గాని తెరచి, మొదటి పద్దు ఇద్దరూ కలిసి వ్రాయవలసినదిగా కోరుతున్నాము.