ప్రాక్సీ ఉన్నా చిరునామా ఎలా బయటపడుతుంది?

ఊరి పేరు చెబితేనే ధర పలికే సరుకు నూజివీడు మామిడి. చిన్నరసాలైనా, పెద్దరసాలైనా ఏ తోటవో తెలిస్తేనే కొనేవాడికి నమ్మకం. ఇంటర్నెట్‌లో వ్యవహారం తలకిందులు. అక్కడ ఎక్కడి నుంచి వచ్చామో తెలియకూడదని కోరుకునేవాళ్లే ఎక్కువ. ఆ కోరిక తీర్చే సాధనంగా ప్రాక్సీ సర్వర్‌కు పేరొచ్చింది, దాని చుట్టూ అపోహలూ అల్లుకున్నాయి.

ప్రాక్సీ పని నున్న మామిడి మార్కెట్‌లో కమిషన్ ఏజెంటు పని లాంటిదే. కాయ రైతుది, బేరం ఏజెంటుది. ఉత్తరాది వ్యాపారికి ఏజెంటు తెలుస్తాడు కానీ తోట తెలియదు. అలాగే వెబ్‌సైటుకు ప్రాక్సీ ఐపీ చిరునామా కనిపిస్తుంది, దాని వెనకున్న కంప్యూటర్‌ది కనిపించదు. ఇంతవరకూ నిజమే.

అపోహ: ప్రాక్సీ ఒకసారి పెడితే కంప్యూటర్‌లోని రాకపోకలన్నీ దాని గుండానే సాగుతాయి.

వాస్తవం: ఆ సెట్టింగ్ ఒక విన్నపం, ఆజ్ఞ కాదు. బ్రౌజర్ దాన్ని మన్నిస్తుంది. పక్కనే నడిచే గేమ్, అప్‌డేట్ ప్రోగ్రామ్ పట్టించుకోకపోవచ్చు. లినక్స్‌లో ప్రాక్సీచెయిన్స్, టార్‌సాక్స్ వంటి పనిముట్లు ప్రోగ్రామ్ చేసే నెట్‌వర్క్ పిలుపులను మధ్యలో పట్టి ప్రాక్సీ వైపు మళ్లిస్తాయి. అయితే అవి పట్టుకునేది సిస్టమ్ లైబ్రరీ మీదుగా వెళ్లే పిలుపులనే. ఆ లైబ్రరీతో పని లేకుండా నేరుగా కెర్నెల్‌తో మాట్లాడే ప్రోగ్రామ్‌లు వాటి చేతికి చిక్కవు.

అపోహ: సాక్స్5 రకం ప్రాక్సీ వాడితే చాలు, గుట్టు బయటపడదు.

అనుభవజ్ఞులు సైతం కాలుజారేది ఇక్కడే. ఏ సైటు తెరవాలన్నా ముందు దాని పేరును డీఎన్‌ఎస్ ద్వారా ఐపీ అంకెలుగా మార్చుకోవాలి. ఆ ప్రశ్న ఎవరు అడుగుతున్నారన్నదే అసలు సంగతి. 1996 మార్చిలో వెలువడిన సాక్స్5 ప్రమాణం సైటు పేరును ఉన్నదున్నట్టుగా ప్రాక్సీకి అప్పగించడానికి వీలు కల్పించింది. వీలు ఉంది కానీ బలవంతం లేదు. చాలా ప్రోగ్రామ్‌లు ముందు సొంతంగా డీఎన్‌ఎస్‌ను అడిగి, వచ్చిన అంకెలను మాత్రమే ప్రాక్సీకి ఇస్తాయి. కాయలు గుట్టుగా ఏజెంటుకు అప్పగించి, ఢిల్లీ కొట్టు ఎక్కడుందో ఊళ్లో నలుగురినీ అడిగి తెలుసుకున్నట్టు! పేజీ ప్రాక్సీ మీదుగానే వస్తుంది, కానీ ఏయే సైట్ల పేర్లు అడిగారో ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి ముందే తెలిసిపోతుంది.

కర్ల్ అనే కమాండ్‌లో ఈ తేడా ఒక్క అక్షరంలో ఉంది. ప్రాక్సీ చిరునామా ముందు ‘సాక్స్5’ అని రాస్తే పేరు వెతికే పని మన కంప్యూటర్‌దే, ‘సాక్స్5హెచ్’ అని రాస్తే ప్రాక్సీది. ఫైర్‌ఫాక్స్‌లోనూ డీఎన్‌ఎస్‌ను ప్రాక్సీ మీదుగా పంపమనే గడి విడిగా ఉంటుంది. అది ముందే ఎంపికై ఉండని పాత వెర్షన్లలో, కంటికి ఆనని ఆ గడిని చూడకుండానే చాలామంది సెట్టింగ్స్ పేజీ మూసేసేవారు.

అపోహ: బ్రౌజర్‌లో వీడియో కాల్ కూడా ప్రాక్సీలోనే వెళ్తుంది.

వెళ్లకపోవచ్చు. వీడియో, ఆడియో మాటలకు బ్రౌజర్లు వాడే వెబ్ఆర్‌టీసీ సాధారణంగా యూడీపీ బాటలో నడుస్తుంది. చాలా ప్రాక్సీలు టీసీపీని మాత్రమే మోస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్‌తో సొంతంగా కట్టుకునే సొరంగమూ అంతే. వెబ్ పేజీలోని చిన్న స్క్రిప్టు ఈ దారిలో వాడుకరి అసలు ఐపీని రాబట్టగలదని 2015 జనవరిలో ఒక ప్రదర్శన బయటపెట్టింది. ఆ తర్వాత బ్రౌజర్లు కొంత కట్టుదిట్టం చేశాయి. టార్ బ్రౌజర్ అయితే వెబ్ఆర్‌టీసీని మొత్తంగా పక్కన పెట్టింది.

కొత్త తరం ఐపీ చిరునామాలైన ఐపీవీ6 సంగతీ ఇలాంటిదే. జియో వంటి మొబైల్ నెట్‌వర్క్‌లలో ఇప్పుడు అదే మామూలు. లినక్స్‌లో ఐపీటేబుల్స్‌తో దారి మళ్లించినవారు, ఆ నియమాలు ఐపీవీ4కే వర్తిస్తాయని, ఐపీవీ6కు వేరే కమాండ్ ఉందని మరిచిపోతుంటారు. వీధి గుమ్మానికి గొళ్లెం పెట్టి పెరటి తలుపు బార్లా తెరిచినట్టే.

అపోహ: ప్రాక్సీ నడిపేవాడికి మన సంగతి తెలియదు.

ఏజెంటుకు రైతు తెలియకుండా ఉంటాడా? హెచ్‌టీటీపీఎస్ సైట్లలో లోపలి పాఠం ప్రాక్సీకి కనిపించదు కానీ సైటు పేరు మామూలుగా కనిపిస్తుంది. తాళం గుర్తు లేని పాత సైట్లయితే అంతా బట్టబయలు. పైగా స్క్విడ్ అనే ప్రసిద్ధ ప్రాక్సీ సాఫ్ట్‌వేర్, సెట్టింగ్ మార్చకపోతే, అలాంటి సైట్లకు పంపే హెడర్‌లో వాడుకరి అసలు చిరునామాను తానే రాసి పంపుతుంది. దాచమని ఇస్తే తీసుకున్నవాడే దండోరా వేసినట్టు.

ఇక లాగ్‌లు. సోనీ పిక్చర్స్‌పై దాడి చేసిన లల్జ్‌సెక్ ముఠా సభ్యుడు ఒకరు 2011లో దొరికిపోవడానికి కారణం అతడు నమ్ముకున్న హైడ్‌మైయాస్ సేవలో మిగిలిన నమోదులు. కోర్టు ఆదేశం రాగానే కంపెనీ వాటిని ఇచ్చేసింది. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ప్రాక్సీలాగే మధ్యలో నిలిచే వీపీఎన్ సేవల సంస్థలు ఖాతాదారుల వివరాలను కనీసం 5 ఏళ్లు భద్రపరచాలి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ ఆ జూన్‌లోనే భారత్‌లోని తన సర్వర్లను ఎత్తేసింది. ఉచితమని వల వేసే ప్రాక్సీల గురించి వేరే చెప్పాలా?

బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో మాటకొస్తే, అది దాచేది సొంత కంప్యూటర్‌లోని చరిత్రనే. ఐపీ జోలికి పోదు.

తన ఏర్పాటు పటిష్ఠమో కాదో నూజివీడు ట్రిపుల్ ఐటీ విద్యార్థి అయినా, ఇంట్లో ల్యాప్‌టాప్ ముందేసుకున్న గృహస్థుడైనా తేల్చుకోవడానికి ఓ మార్గం ఉంది. నెట్‌వర్క్ రాకపోకలను చూపే టీసీపీడంప్‌తో, డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్లే 53వ పోర్టును గమనిస్తూ ప్రాక్సీ మీదుగా కొత్త సైటు తెరవాలి. దాని పేరు అక్కడ కనిపిస్తే డీఎన్‌ఎస్ కారుతున్నట్టే. ఆ తర్వాత ఫైర్‌వాల్‌లో ప్రాక్సీ చిరునామాకు తప్ప మిగతా అన్నిటికీ, ఐపీవీ6తో సహా, దారి మూసెయ్యాలి. అప్పుడు ఏ ప్రోగ్రామ్ ఆగిపోతుందో, ఇన్నాళ్లూ పక్కదారిన వెళ్లింది అదే.